కింది నుంచి కురిసే వాన

విరిగిన చువ్వకి సన్నతీగ చుట్టి, పట్టకారుతో మెలిపెట్టి, మిగిలిన మొనను లోపలికి మడిచి, గుడ్డకి గుచ్చుకుంటుందేమోనని బొటనవేలితో తడిమి చూసుకున్నాడు గొడుగుల బాబాయి. గుచ్చుకోలేదు. అప్పుడు మెల్లగా తెరిచాడు. గొడుగు విచ్చుకుని, గూట్లో పిట్టపిల్లలాగా ఆకాశంకేసి నోరు తెరుచుకుని నిలబడింది.

“ఛీ, పాడు పని” అన్నాడు తృప్తిగా.

గాలికి తిరగబడ్డ గొడుగుల్ని దారిలో పెట్టడమే ఆయన జీవితమంతా చేసిన పని. ఇప్పుడు బుద్ధిగా ఉన్న గొడుగుల్ని పనిగట్టుకుని తిరగేస్తున్నాడు. తిరగెయ్యడం అనుకున్నంత సులువు కాదు. ప్రతి చువ్వ కీలూ విప్పి, వంపు మార్చి, గుడ్డ వదులు చేసి మళ్ళీ కుట్టాలి. గాలి ఒక్క విసురులో చేసే పనికి మనిషికి ఒక పూట పడుతుంది.

ఆయన కొట్టు ఒక పాత మేడ మెట్ల కింద ఉంది. లోపల నిలబడితే తల తగులుతుంది, కూర్చుంటే మోకాళ్ళు రోడ్డు మీదికొస్తాయి. ఏళ్ళ తరబడి అందులో ఒదిగి ఒదిగి ఆయన వీపు ఆ మెట్ల వాలునే తెచ్చుకుంది. వీధిలో నడుస్తున్నా నెత్తిమీద మెట్లున్నట్టే నడుస్తాడు. వేళ్ళ కొసలనిండా తీగ గుచ్చుకున్న నల్లమచ్చలు. కళ్ళజోడు కాడ విరిగితే దానికీ గొడుగు చువ్వే పెట్టుకున్నాడు. “పోయాక నన్ను కూడా మడిచి మూల పెట్టెయ్యొచ్చు” అని ఆయనే అంటుంటాడు.

గొడుగులు చవకైపోయాక బాగుచేయించుకునేవాళ్ళు తగ్గిపోయారు. విరిగితే పారేస్తున్నారు. కొట్టులో దండేనికి వేలాడుతున్నవన్నీ ఇచ్చి వెళ్ళి, మళ్ళీ రానివాళ్ళవే. వాటిని అమ్మెయ్యమని పక్కకొట్టు తాళాలవాడు చెప్పి చెప్పి అలిసిపోయాడు. “వాళ్ళొచ్చి అడిగితే?” అంటాడు బాబాయి. ఎవరూ వచ్చి అడగరు. ఆయన మాత్రం వానాకాలం రాగానే వాటన్నిటినీ ఒకసారి తెరిచి, ఆరబెట్టి, మళ్ళీ మూస్తాడు.

అలాంటి కొట్టుకి పోయిన వానాకాలంలో పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసే అమ్మాయి ఒకతె వచ్చింది. గొడుగు స్ప్రింగు పోయిందని చూపించింది. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, పిడికి ఒక అట్టముక్క కట్టి, దానిమీద గుండ్రటి అక్షరాలతో ‘రేపు’ అని రాసి, “రేపిస్తానమ్మా” అన్నాడు. ఎవరు ఏ గొడుగు తెచ్చినా ఆయన రాసేది అదే, అనేదీ అదే. ఆ అమ్మాయి మాత్రం పొట్ట పట్టుకుని మెట్టుమీద కూలబడి నవ్వింది. నవ్వి నవ్వి, కళ్ళు తుడుచుకుని, సంచీలోంచి అట్టలు ఊడిపోయిన ఒక పుస్తకం తీసి ఆయన చేతిలో పెట్టింది.

‘పక్కగ్రహంవాళ్ళు’ అని ఆ పుస్తకం పేరు. మన పక్క గ్రహంలో ఒక కుటుంబం ఉంటుంది. వెలుతురు కంటే వేగంగా పోయే బండి ఉంది వాళ్ళకి, ఇంట్లో ఒక కత్తెర మాత్రం లేదు. అందుకని ఏం కావలసినా మనింటికొస్తారు, అరువుకి. ఎప్పుడిస్తారంటే “రేపిస్తాం” అంటారు. వాళ్ళ రేపు మన పదకొండేళ్ళు. గడియారం తీసుకెళ్ళి తిరిగిస్తే అది వెనక్కి నడుస్తుంది. కత్తెర తిరిగిస్తే అది కోసినవాటిని అతికిస్తుంది. ఇక గొడుగంటారా, వాళ్ళ ఊళ్ళో వాన కింది నుంచి పైకి కురుస్తుంది గనక దాన్ని తిరగేసి వాడుకుంటున్నారు. దాన్ని ఇవ్వనేలేదు. పుస్తకం అక్కడితో అయిపోతుంది.

ఈ పుస్తకం కంఠతా వచ్చినవాళ్ళు ఊళ్ళో ఒక గుంపున్నారనీ, దీన్ని సినిమా తీస్తామని ఎవరో ఒకరు ప్రకటించడం, మానెయ్యడం చాలాకాలంగా జరుగుతోందనీ బాబాయికి తర్వాత తెలిసింది. మొదటిసారి ప్రకటించినప్పటికి పళ్ళమ్మాయి పుట్టలేదు. ఆ గుంపుకి పెద్దయిన లెక్కల మాస్టారికి అప్పుడు నల్లటి జుట్టుండేది. ఇప్పుడు రంగు వేసుకుందామన్నా జుట్టు లేదు. ఇన్నాళ్ళకి సినిమా నిజంగానే వచ్చేస్తోంది. రేపే మొదటి ఆట. అందరూ తిరగేసిన గొడుగులతో వెళ్ళాలని తీర్మానించారు.

కాస్త పొద్దెక్కాక మాస్టారు వచ్చారు, చేతిసంచీ ఊపుకుంటూ.

“ఏమయ్యా బాబాయ్, నాది అయిందా?”

“అయిందండీ.”

మాస్టారు నొచ్చుకున్నారు. “అదేమిటయ్యా! రేపిస్తానంటావని ఎంత ఆశగా వచ్చాను!”

“రేపు సినిమా కదండీ. రేపిస్తే ఏం లాభం?”

మాస్టారు గొడుగు తెరిచి నెత్తిమీద పట్టుకున్నారు. అది గిన్నెలాగా నిలబడింది. దారినపోయే ఒకాయన ఆగి, జాలిగా చూసి వెళ్ళిపోయాడు.

“అద్భుతం. ఎందుకూ పనికిరాదు” అన్నారు మాస్టారు.

“నాకో అనుమానమండీ” అన్నాడు బాబాయి. “వాన కింది నుంచైతే గొడుగు తిప్పితే సరిపోదు కదా. నడుముకి కట్టుకోవాలి.”

మాస్టారు వంగి తన నడుముకేసి చూసుకున్నారు. “ఇన్నేళ్ళలో మాకెవరికీ తట్టలేదయ్యా” అన్నారు చివరికి. తర్వాత గొంతు తగ్గించి, “సినిమాలో ఆ గొడుగు తిరిగిచ్చేస్తారని పుకారు. ఇస్తే మాత్రం నేను లేచి బయటికొచ్చేస్తాను” అన్నారు.

“ఇస్తే తప్పేంటండీ?”

“ఇచ్చేస్తే ఇంక వాళ్ళు మనింటికెందుకొస్తారయ్యా? ఆ గొడుగు వాళ్ళ దగ్గరున్నన్నాళ్ళే మనకీ వాళ్ళకీ రాకపోకలు.”

బాబాయి పట్టకారు పక్కనపెట్టాడు. దండేనికి వేలాడుతున్న గొడుగులకేసి చూశాడు. “ఇవ్వడానికోసారి వస్తారు కదండీ. వచ్చినప్పుడు ఇంకోటి అడుగుతారు. ఇచ్చినవాడికే కదా మళ్ళీ అడిగే మొహం ఉండేది” అన్నాడు.

“నీది చాదస్తం.”

“మరి మీదేంటండీ?”

మాస్టారు నవ్వేసి, కళ్ళజోడు తుడుచుకుని, గొడుగు నెత్తిమీద పెట్టుకునే వెళ్ళిపోయారు.

మధ్యాహ్నం పిన్ని క్యారియరు తెచ్చింది. పిన్ని అంటే ఆయన భార్య. ఊరంతా ఆయన్ని బాబాయి అంటుంటే ఆవిడ పిన్ని కాక తప్పలేదు. చిన్న అక్షరాలు ఆయనకి ఆనవు కాబట్టి రోజూ భోజనమయ్యాక కింది మెట్టుమీద కూర్చుని పుస్తకం చదివి వినిపించేది ఆవిడే. మొదట్లో “ఈ వయసులో ఏం పిచ్చండీ ఇది” అంది. ఇప్పుడు, ఇంట్లో ఏదైనా కనపడకపోతే పైకి చూపించి “వాళ్ళే పట్టుకుపోయుంటారు” అంటోంది.

“ఆ చివరి పేజీ ఇంకోసారి చదవ్వోయ్” అన్నాడు ఆయన చెయ్యి కడుక్కుంటూ.

“కంఠతా వచ్చుగా.”

“నువ్వు చదివితే వేరు.”

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుంది. “‘మా గొడుగండీ’ అని అరిచాడు ఇంటాయన. అప్పటికే బండి పొగ వదిలింది. కిటికీలోంచి ఒక చెయ్యి బయటికొచ్చి, ‘రేపిస్తాం’ అని ఊగింది.” పుస్తకం మూసింది. “అచ్చం మీరే. పెళ్ళయిన కొత్తలో వంటింటి తలుపు గడియ బిగిస్తానన్నారు. రేపన్నారు.”

“బిగించాగా?”

“మనం ఆ ఇల్లు ఖాళీ చేసేముందు.”

ఆయన నవ్వబోయి, దగ్గొచ్చి ఆగిపోయాడు. రొమ్ము రుద్దుకున్నాడు. ఆవిడ చూసింది.

“మళ్ళీ నొప్పా? డాక్టరు దగ్గరికి పదండి అంటే వినరు.”

“ఇవాళ ఈ గొడుగులు అయిపోవాలి. రేపు వెళ్దాం.”

“రేపు” అని ఆవిడ ఆయన గొంతుతోనే అంది. క్యారియరు సర్దుకుని, “నాలుగింటికి టీ తెస్తా. కాసేపు నడుం వాల్చండి” అని వెళ్ళింది.

ఆయన నడుం వాల్చలేదు. ఇంకా మూడు గొడుగులున్నాయి. అవి అయ్యేసరికి పళ్ళమ్మాయి, ఆ గుంపులో మరికొందరు వచ్చారు. ఆఫీసుల నుంచి ఏవేవో అబద్ధాలు చెప్పి వచ్చినట్టున్నారు. అందరూ దొంగల్లాగే ఉన్నారు. గొడుగు అందగానే తెరిచి చూసుకుని, చిన్నపిల్లల్లా కేకలు పెట్టారు. రోడ్డు మీద పోయే బస్సు కూడా వాళ్ళకోసం నెమ్మదించింది.

పళ్ళమ్మాయి రెండు టికెట్లు తీసి ఆయన ఒళ్ళో పెట్టింది. “మీకూ పిన్నికీ, బాబాయ్. మా వరసలోనే, మధ్యలో.”

“నాకెందుకమ్మా? వేరే ఎవరికైనా ఇవ్వకపోయావా, అంత ఎదురుచూసినవాళ్ళకి.”

“మీరు రాకపోతే మేం లోపలికి వెళ్ళం. అంతే. మీ గొడుగు కూడా తిప్పి తేవాలి. లేకపోతే పక్కగ్రహంవాళ్ళు మిమ్మల్ని గుర్తుపట్టరు.”

“నాది నల్లదమ్మా, పాతది.”

“అయితే ఇంకా మంచిది.”

వాళ్ళు వెళ్ళాక కొట్టు ఒక్కసారిగా పెద్దదైనట్టనిపించింది. ఆయన టికెట్లను చొక్కాజేబులో పెట్టుకుని, పైనుంచి తట్టి చూసుకున్నాడు. ఇన్నేళ్ళూ జనం ఆయన్ని రెండే అడిగారు. ఎంత, ఎప్పుడు. వీళ్ళు మాత్రం “ఎలా చేస్తారు బాబాయ్?” అనడిగారు, “మీరేమంటారు?” అనడిగారు. చెప్తే విన్నారు. అన్నిటికంటే ఆయనకి ఆశ్చర్యం, వాళ్ళు నవ్వుకునేచోట తనకీ నవ్వు రావడం. ఈ వయసులో కొత్తగా నవ్వు నేర్పేవాళ్ళు ఎవరికి దొరుకుతారు? ఎవరికి దణ్ణం పెట్టాలో తెలియక పట్టకారునే కళ్ళకద్దుకున్నాడు.

తన నల్లగొడుగు దించుకున్నాడు. అలవాటుకొద్దీ పిడికి అట్టముక్క కట్టి ‘రేపు’ అని రాసి, రాసినందుకు తనే నవ్వుకుని, కీళ్ళు విప్పడం మొదలుపెట్టాడు. ఒకవైపు చువ్వలన్నీ పైకి తిప్పాడు. రెండోవైపు మొదలుపెట్టేముందు కాస్త అలుపు తీర్చుకుందామని గోడకి చేరగిలబడ్డాడు. నెత్తిమీద మెట్లమీద ఎవరో ఎక్కుతున్నారు, పైకి, ఇంకా పైకి.

పిన్ని టీ తెచ్చి స్టూలు మీద పెట్టింది. “పడుకోమంటే పడుకోరు, కూర్చోమంటే నిద్రపోతారు” అంది. టీ చల్లారిపోతుందని రెండోసారి అంది. మూడోసారి ఏమీ అనలేదు. ఆయన ఒళ్ళోంచి పట్టకారు తీసి, పక్కనపెట్టి, ఆ చెయ్యి తన చేతిలో పెట్టుకుని కింది మెట్టుమీద కూర్చుంది.

మర్నాడు పొద్దున మొదటి ఆటకి ఆ గుంపులో ఒక్కరూ వెళ్ళలేదు. ఎన్నో ఏళ్ళుగా ఎదురుచూసిన ఆట మొదలయ్యే వేళకి అందరూ బాబాయి ఇంటిముందు రోడ్డు మీద నిలబడ్డారు. జోరున వాన. చేతుల్లో ఉన్నవి ఆ గొడుగులే. ఆకాశంకేసి నోరు తెరుచుకున్న గొడుగుల కింద అందరూ నిలువునా తడుస్తున్నారు. గొడుగుల్లోకి నీళ్ళు చేరాయి, నిండాయి, అంచులమీంచి పొర్లాయి. మాస్టారి గొడుగు పొర్లి ఆయన జబ్బమీదే పడుతోంది. ఆయన కదల్లేదు.

పిన్ని గుమ్మంలోకొచ్చి చూసింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. చుట్టాలు పట్టుకోబోయారు. పళ్ళమ్మాయికి మాత్రం అర్థమైంది, ఆవిడ ముందు నవ్విందని.

“ఒక్కటీ కారట్లేదు చూడండి” అంది పిన్ని. “ఆయన కుట్టు అలాంటిది.” ఆ తర్వాత ఏడ్చింది.

కొన్నాళ్ళు పోయాక అందరూ కలిసి మళ్ళీ టికెట్లు కొని, ఆవిడ అడిగినట్టే ఆవిడకి రెండు కొని, సినిమాకి తీసుకెళ్ళారు. ఇంకా ఆడుతున్నందుకు అందరూ మనసులోనే కృతజ్ఞతలు చెప్పుకున్నారు. గేటు దగ్గర టికెట్లు చింపేవాడు పిన్ని చేతిలో గొడుగు చూసి అడ్డుపడ్డాడు.

“గొడుగు బయట పెట్టాలమ్మా. కనీసం మూసెయ్యండి.”

“ఇది మూసుకోదు నాయనా. దీనికి వేరే టికెట్టుంది” అని పిన్ని రెండో టికెట్టు చూపించింది. వాడు గొడుగునీ ఆవిడ్నీ మార్చి మార్చి చూసి, టికెట్టు చింపి సగం తిరిగిచ్చాడు.

వరస మధ్యలో ఆవిడ, పక్క సీట్లో గొడుగు. ఆట చివర్లో, పుస్తకంలో లేనిచోట, పక్కగ్రహంవాళ్ళు దిగారు. తలుపు తట్టారు. గొడుగు చేతికిచ్చారు. మాస్టారు లేవబోయారు. అంతలో వాళ్ళు గుమ్మంలోనే నిలబడి, కొంచెం నసిగి, “మీ దగ్గర నిచ్చెనుందా అండీ?” అన్నారు.

మాస్టారు మళ్ళీ కూర్చున్నారు. కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

హాలు విరగబడి నవ్వుతుండగా పిన్ని పక్క సీటుకేసి వంగింది.

“ఇచ్చేశారండీ” అని గుసగుసగా చెప్పింది. “ఇచ్చేసి నిచ్చెన అడిగారు. మీరు మాస్టారితో అన్నట్టే.”

తెర వెలుగులో సీటు మీద నల్లగొడుగు, సగం చువ్వలు కిందికి, సగం పైకి, పిడికి వేలాడుతూ అట్టముక్క, దానిమీద గుండ్రటి అక్షరాలతో ‘రేపు’.