మైలపడిన కుండ

భార్య సత్యకుమారి నగలు ఎక్కడ దాస్తుందో లోకనాథ్ మాస్టారికి ఎప్పుడూ తెలియదు. తెలియకపోవడమే మంచిదని ఆవిడే తేల్చేసింది. "మీకు చెబితే అడిగినవాళ్ళకల్లా చెప్పేస్తారు. చెప్పకపోయినా మీ మొహం చెప్పేస్తుంది," అనేది.

కాలవగట్టు వీధిలో ఒక ఏడాది వరసగా దొంగలు పడ్డాక ఆవిడకి బీరువా మీద నమ్మకం పోయింది. రెండుపేటల గొలుసు కొన్నాళ్ళు పాడైన మిక్సీలో ఉండేది, కొన్నాళ్ళు సున్నిపిండి డబ్బాలో. పెళ్ళికి వెళ్ళాల్సి వస్తే ఎక్కణ్ణించో మెడలోకి వచ్చేసేది. ఒకసారి దానికి ఇంగువ వాసన పట్టింది. పెళ్ళిభోజనాల్లో ఆ సంగతి ఆయన చెవిలో చెబితే, ఆవిడ నవ్వాపుకోలేక విస్తట్లో నీళ్ళు ఒలకబోసుకుంది.

తర్వాత పక్షవాతం వచ్చి ఆవిడకి నోరు పడిపోయింది. కుడిచెయ్యి లేవదు. ఎడమచేత్తో వంటింటి వైపు చూపించేది. ఆకలేమో అనుకుని లోకనాథ్ గారు చారన్నం కలిపి తెచ్చేవారు. ఆవిడ కాసేపు ఆయన మొహంలోకి చూసి, సరే అన్నట్టు నోరు తెరిచేది.

ఆ రోజుల్లో ఆవిణ్ణి చూసుకున్నది రాణి. పొద్దున్నే సెంటర్లో చేపలు అమ్ముకుని, ఇంటికెళ్ళి స్నానం చేసి, చీర మార్చుకుని వచ్చేది. సత్యకుమారికి ఒళ్ళు తుడిచి, పక్క మార్చి, తల దువ్వేది. "అమ్మగారూ, ఇయ్యాల కొరమేను తెచ్చానండి. మాస్టారికిస్తే పాడుచేస్తారు, నేనే పులుసు పెట్టేదా?" అంటే సత్యకుమారి మూతి ఒక పక్క మాత్రం నవ్వేది. ఆ సగం నవ్వుతో ఆ ఇంటికి ఆ పూట గడిచేది.

శివరాత్రి ఇంకా రాకుండానే ఆవిడ వెళ్ళిపోయింది.

పెద్దకర్మ రోజు లోకనాథ్ గారి అక్క అచ్చాయమ్మ వంటిల్లంతా శుద్ధి చేయించింది. జాడీలూ ఇత్తడి గిన్నెలూ పసుపునీళ్ళతో పైన కడిగితే సరిపోతుంది. మట్టివి అలా కాదు, మైలపడితే ఇంట్లో ఉంచకూడదు. ఉప్పుకుండ, పాత చింతపండు కుండ ఆవిడే స్వయంగా మోసుకెళ్ళి కాలవరేవులో వదిలేసి వచ్చింది. భోజనాలయ్యాక బీరువా తెరిచి చూస్తే నగలపెట్టె ఖాళీ.

"ఈ ఇంట్లో పరాయిది ఒక్కతే తిరిగింది," అంది.

"సత్య ఎక్కడో దాచి ఉంటుంది అక్కా."

"ఎక్కడరా? చూపించు మరి. నీ కళ్ళల్లో కారం కొట్టి పట్టుకుపోతుంటే, దాహం వేస్తోందా అమ్మా అని అడిగే రకానివి నువ్వు!"

అచ్చాయమ్మ, ఆ రోజు సాయానికొచ్చిన రాణి గుడ్డసంచి లాక్కుని వీధిలో దులిపింది. ఒక దువ్వెన, మడతపెట్టిన జాకెట్టు, వక్కపొడి పొట్లం పడ్డాయి. చుట్టుపక్కలవాళ్ళు అరుగుల మీద నిలబడి చూశారు. రాణి లోకనాథ్ గారి వైపు చూసింది. ఆయన గుమ్మంలోనే ఉన్నారు. ఈ అమ్మాయి తియ్యలేదు అని ఒక్క మాట అనాలి. కర్మ జరుగుతున్న ఇంట్లో అక్కతో గొడవెందుకని ఊరుకున్నారు.

రాణి తన వస్తువులు ఏరుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆ వీధిలో ఆమె దగ్గర చేపలు కొనడం మానేశారు.

మొదటి మాసికం అయ్యాక, లోకనాథ్ గారు చారు పెట్టుకుందామని జాడీలోంచి చింతపండు ముద్ద తీశారు. వేలికి గట్టిగా ఏదో తగిలితే గింజ అనుకున్నారు. విప్పితే, ప్లాస్టిక్ కవర్లో చుట్టి, గాజుల జత. ఆయన స్టవ్ కట్టేసి నేలమీద కూర్చుండిపోయారు. ఆవిడ ఎడమచేత్తో చూపించింది దీన్ని. తనేమో అన్నం కలిపి తెచ్చారు.

జాడీ అడుగుదాకా వెతికారు. గొలుసు లేదు. సత్య ఏనాడూ అన్నీ ఒకే చోట పెట్టలేదు. కొత్త చింతపండు జాడీలో పోసేది. పాతది కుండలో.

కబురందుకుని ద్రాక్షారామం నుంచి వచ్చిన అచ్చాయమ్మ, గాజులు చూసి గోడకి ఆనుకుని కూలబడింది.

"బరువుగా ఉందనుకున్నానురా. పాత చింతపండు కదా, గట్టిపడి ఉంటుందిలే అనుకున్నాను." గాజులు మళ్ళీ కవర్లో చుట్టేస్తూ, "ఇప్పుడిది ఎవరికీ చెప్పకు," అంది.

"చెప్పాలి అక్కా. ఆ రోజే నోరు విప్పాల్సింది."

ఇద్దరూ రాణి ఇంటికి వెళ్ళారు. ఆమె గుమ్మంలో కూర్చుని చేపలకి పొలుసు తీస్తోంది. లేవలేదు. అంతా విని, "మీరూ నేనే తీశాననుకున్నారా మాస్టారూ?" అంది.

"లేదమ్మా. ఒక్క క్షణం కూడా."

"మరి ఆ మాట ఆ రోజు అనలేదేంటండి?"

అచ్చాయమ్మే చీరకొంగు చేతికి చుట్టుకుంటూ, "తప్పు నాది. కావాలంటే నా సంచి దులుపు," అంది.

"మీ సంచి నాకెందుకండి? నాకు కాదు, వీధిలోవాళ్ళకి చెప్పండి."

ఇంటింటికీ వెళ్ళి చెప్పారు. గాజులు చూపించారు. అందరూ అయ్యో అన్నారు. వీళ్ళు మలుపు తిరగ్గానే ఎదురింటి వెంకటరమణ, "చింతపండులో బంగారమట! మాస్టారు మెత్తని మనిషి, దాన్ని వెనకేసుకొస్తున్నారు," అనడం లోకనాథ్ గారికి వినబడింది. చేపలు మాత్రం ఎవరూ కొనలేదు.

ఎండలు ముదిరి, ఎప్పటిలాగే కాలవలకి నీళ్ళు కట్టేశారు. రేవు దగ్గర నీళ్ళు తగ్గి నల్లటి బురద తేలింది. మర్నాటికి వీధంతా బురదలో ఉంది. పారలు తెచ్చినవాళ్ళు పారలు, జల్లెళ్ళు తెచ్చినవాళ్ళు జల్లెళ్ళు. మోకాళ్ళదాకా దిగబడిన వెంకటరమణ, "ఏ పక్కన పడేశారండి అచ్చాయమ్మగారూ? మెట్లకి ఇటా, అటా?" అని ఫోన్లో అరుస్తున్నాడు. కుండ పెంకులు కొన్ని దొరికాయి కూడా.

లోకనాథ్ గారు గట్టుమీద కూర్చుని చూస్తున్నారు. ఇన్నాళ్ళకి కడుపులో కాస్త చల్లగా ఉంది. గొలుసు దొరక్కపోయినా ఫరవాలేదనిపించింది. చేపల గంపతో అటు వచ్చిన రాణిని పిలిచారు.

"చూశావా, అందరూ నమ్మారు."

"నమ్మారండి. పార పట్టుకొచ్చారంటే నమ్మినట్టే కదండి."

"నువ్వూ దిగమ్మా. దొరికితే అది నీదే. సత్య ఉంటే అదే అనేది."

రాణి గంప దించి, ఆయనకి కొంచెం ఎడంగా కూర్చుంది. "నేను దిగనండి. నా చేతికే దొరికిందనుకోండి, వీళ్ళేమంటారు?"

ఆయనకి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక మళ్ళీ దిగమనలేదు.

బురదలోంచి ఎవరో "దొరికింది!" అని కేకపెట్టారు. అందరూ అటు ఎగబడ్డారు. రాణి కూర్చున్నచోటే కొంగులోంచి రెండు చేతులూ బయటికి తీసి, అరచేతులు విప్పి, అందరికీ కనబడేలా ఒళ్ళో పెట్టుకుంది. అది ఏదో ఇత్తడి గొళ్ళెం ముక్క అని తేలాక కూడా ఆ చేతులు తియ్యలేదు.