దానంతట అదే

శారదాదేవి పెరట్లో పంపు దగ్గర కూర్చుని ఇత్తడి గిన్నెకి చింతపండు పట్టిస్తోంది. నిజానికి అది పనిమనిషి కొమురమ్మ పని. కొమురమ్మ ఆసుపత్రిలో మొగుడి మంచం పక్కన ఉండిపోవడంతో ఈ పెద్ద ఇంటి గిన్నెలన్నీ ఈవిడ చేతికొచ్చాయి. జూబ్లీహిల్స్‌లోని ఆ ఇల్లు శారదాదేవి తమ్ముడు సూర్యప్రకాశరావుది. సినిమాలు తీస్తాడు. ఇంటి వెనక రెండు గదుల్లో ఆమె, ఆమె భర్త వీరరాఘవయ్య తమ్ముడి దయమీద ఉంటున్నారు.

వీరరాఘవయ్య పట్టాళంలో సుబేదారుగా చేసి వచ్చాడు. డెబ్భై ఒకటి యుద్ధంలో సరిహద్దు ఇసుకలో మందుపాతరలు పాతడం ఆయన పని. కాల్పులు ఆగిపోయాక, మేకలు తోలుకొచ్చిన ఓ పిల్ల వాటిలో ఒకదాని మీద కాలు వేసింది. ఆ పిల్లని ఆయన ఏళ్ల తరబడి నిద్రలో కూడా మోశాడు. నిరుడు ఇరాక్ యుద్ధాన్ని టీవీలో చూపిస్తూ, గురిని తామే వెతుక్కుంటూ పోయే క్షిపణుల్ని పొగుడుతుంటే, హాల్లో అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన లేచి వెనక గదికి వచ్చి రాయడం మొదలుపెట్టాడు. ‘చెయ్యి లేని ఆయుధం’ అని పుస్తకం అచ్చయింది. చంపాలా వద్దా అని ఆఖరి క్షణంలో తటపటాయించే మనిషిని తీసేస్తే, చంపినవాడంటూ ఎవరూ మిగలరని అందులో రాశాడు. పేపర్లు మెచ్చుకున్నాయి. కాలేజీలవాళ్లు పిలిచి మాట్లాడించారు. సాపు ప్రతి రాసింది శారదాదేవే గనుక ఆమెకి అందులో ప్రతి పేజీ తెలుసు.

ఆ పేరు చూసే తమ్ముడు తన యుద్ధం సినిమాకి ఆయన్ని సలహాదారుగా పెట్టుకున్నాడు. ఫిల్మ్‌నగర్ వెనక రాళ్లగుట్టలో షూటింగ్. సినిమా బాంబులకి ఒక పద్ధతి ఉంది. నేలలో పాతిన మందునుంచి తీగలు తెచ్చి, ఒక చెక్కకి వరసగా కొట్టిన మేకులకి చుడతారు. బాంబుల మనిషి పరిగెత్తేవాళ్ల మీదే కళ్లు పెట్టి, వాళ్లు దాటాక ఒక్కో మేకుకీ కరెంటు తీగ తాకిస్తాడు. నాలుగు రోజుల కిందట హీరో పరుగుకీ మేకుకీ ఎంతకీ పొంతన కుదరలేదు. పొద్దు వాలిపోతోంది.

“బావగారూ, మీ మిలటరీలో కాలు తగిలితే అదే పేలుతుందిగా! అట్లా కట్టేయండి. ఎవడి టైమింగుతోనూ పనుండదు,” అన్నాడు సూర్యప్రకాశరావు.

ఆయన కట్టాడు. దారికి అడ్డంగా తీగలు, దారికి దూరంగా మందు, దానికి కరెంటు ఇచ్చే బ్యాటరీ. షాట్ ఒక్కసారికే ఓకే అయింది. అందరూ చుట్టూ చేరి మెచ్చుకున్నారు. ఆ సందట్లో ఒక తీగ కాలికి తగలకుండా మిగిలిపోయిందని ఎవరూ చూడలేదు. బ్యాటరీ విప్పడం ఆయన మరిచిపోయాడు.

చెక్క తుపాకి తిరిగి అప్పగిస్తేనే జూనియర్ ఆర్టిస్టులకి ఆ రోజు కూలి. కొమురమ్మ మొగుడు వీరయ్య వాళ్లలో ఒకడు. అతని తుపాకి రాళ్ల మధ్య ఎక్కడో జారిపోయింది. వెతుక్కుంటూ దారి విడిచి వెళ్లాడు. మందు పక్కనే ఆ మిగిలిన తీగ కాలికి తగిలింది. మోకాలి కింద కాలు పోయింది.

బ్యాటరీ సంగతి వీరరాఘవయ్య ఒక్క భార్యకే చెప్పాడు.

“అక్కా, కాఫీ ఏమన్నా ఇస్తావా, గిన్నెలతోనే కాపురమా?” అంటూ తమ్ముడు వచ్చాడు. చేతిలో టైపు చేసిన కాగితం ఉంది. గదిలో ఉన్న వీరరాఘవయ్యకి అది చదివి వినిపిస్తుంటే, ఆమె లోపల కాఫీ కలుపుతూ వింది. ప్యాకప్ చెప్పాక, దాటొద్దని కట్టిన తాడు దాటి వీరయ్య తనంతట తాను వెళ్లాడని అందులో ఉంది. అది నిలిస్తే యూనియన్ పోట్లాడటానికి ఏమీ ఉండదు. వీరయ్యకి నష్టపరిహారం రాదు.

“తాడు కట్టలేదుగా,” అన్నాడు వీరరాఘవయ్య.

“కట్టామంటే కట్టినట్టే. మా యూనిట్‌లో ఎవడూ నోరు విప్పడు, నాది పూచీ. మీరు మిలటరీ మనిషి, మీ సంతకానికి విలువుంటుంది. కాదంటారా, తీగ కట్టిందెవరో తేలుతుంది. ఆయుధాలొద్దని పుస్తకం రాసినాయనే కట్టాడని పేపర్లో వేస్తే నవ్వుకోరూ?”

వీరరాఘవయ్య కాగితం అందుకున్నాడు. తర్వాత, భార్య ఏమీ అడక్కపోయినా ఆమెతోనే అన్నాడు.

“నా పరువు పోతే ఆ పుస్తకాన్ని ఎవరు నమ్ముతారే? అది పదిమందికీ చేరాల్సిన మాట.”

సంతకం పెట్టాడు. అక్షరాలు ఎప్పటిలాగే పొందికగా వచ్చాయి.

తమ్ముడు కాగితం మడుస్తుండగా కొమురమ్మ వచ్చి గడప బయట నిలబడింది.

“అయ్యా, యూనియనాయన గేటు కాడ నిలవడ్డడు. లోపటికి రానిస్తలేరు. బాంబు ఎవరు పేల్చిండ్రో జర అడిగి రమ్మన్నడు. షూటింగోళ్లు ఒక్కడు సుత చెప్తలేడు.”

“ఎవరూ పేల్చలేదు కొమురమ్మా,” అన్నాడు వీరరాఘవయ్య మెత్తగా. “దానంతట అదే పేలింది.”

“దానంతటదేనా? మా పొయ్యిల కట్టె గూడ ఊదకుంటె అంటుకోదు. గంత తెలివి బాంబుకెట్లొచ్చె?”

“వాగకు,” అన్నాడు సూర్యప్రకాశరావు. “నీ మొగుణ్ణి అక్కడికెవరు వెళ్లమన్నారు?”

“మీ కట్టె తుపాకి మీకు అప్పజెప్పనీకె పోయిండు సారూ.”

కొమురమ్మ వీరరాఘవయ్యనే చూస్తోంది. తన మొగుడికి జ్వరం వస్తే మందులు తెచ్చిచ్చిన మనిషి. ఆయన చూపు దించుకున్నాడు.

“సరే అయ్యా. మీరు అబద్ధం ఆడరు. గదే చెప్త,” అని ఆమె వెనక్కి తిరిగింది.

శారదాదేవి కాఫీ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడింది. బ్యాటరీ సంగతి తన నోట బయటికొస్తే తమ్ముడు ఈ గదుల్లో ఒక్క పూట ఉండనివ్వడు. ఆ తర్వాత భర్త తన మొహం చూస్తాడో లేదో తెలియదు. ఈ వయసులో ఎక్కడికెళ్లాలో అంతకన్నా తెలియదు. గ్లాసు కిటికీలో పెట్టింది. చెప్పులు తొడుక్కుంది.

“ఎక్కడికే?” అన్నాడు వీరరాఘవయ్య. ఆయన గబుక్కున లేచాడు.

“అక్కా, నిన్నే!”

ఆమె మెట్లు దిగి, కొమురమ్మ వెనకే యూనియన్ మనిషి నిలబడ్డ గేటువైపు నడిచింది.