కారు తలుపు మీద గీత

కారు మీద బ్లేడు పెట్టకూడదు. అమ్మాన్‌లో, మా బయాదర్ పేట మెకానిక్ షెడ్ల మధ్య, ఈ మాట అందరికంటే గట్టిగా అరిచేవాణ్ణి నేనే. కారు కిటికీల చుట్టూ మెరిసే క్రోమ్ పట్టీకి నల్ల వినైల్ ఫిల్ము అంటించాలంటే ముందు అంచు వెంట దారం టేపు వెయ్యాలి. దాని మీద ఆ ఫిల్ము పరచాలి. తర్వాత దారం పట్టి లాగితే అదే ఫిల్మును కోసుకుంటూ పోతుంది, పెయింటుకు గీత పడదు. పక్క షాపువాడు బ్లేడు తీసినప్పుడల్లా పని కట్టుకుని వెళ్ళి, "ఏం బావా, మటన్ కొడుతున్నావా?" అని వెక్కిరించి వచ్చేవాణ్ణి.

ఈ పని నాకు నేర్పింది ఉస్తాదు అబూ ఘాలిబ్. పదహారేళ్ళప్పుడు ఆయన షాపులో చేరాను, ఇప్పుడు నాకు ముప్పై ఆరు. రెండేళ్ళుగా ఆయన కుడిచెయ్యి వణుకుతోంది. అయినా పని మానలేదు. ఆయన అంటించిన చోట అప్పుడప్పుడు బుడగలు ఉండిపోయేవి. ఆయన చూడకుండా నేను సరిచేసేవాణ్ణి. మొదట్లో ప్రేమతో చేశాను. రానురాను చిరాకుతో చేశాను, ఆ సంగతి ఒప్పుకోవాలి.

ఒక గురువారం మధ్యాహ్నం మాదబా ఊరి నుంచి జిర్యస్ అనే ఆయన ముదురు నీలం కారు తెచ్చాడు.

"ఈ పట్టీల తళతళ చూస్తే మా తాత వెండిపళ్ళే గుర్తొస్తున్నాయి ఉస్తాదూ. మొత్తం నల్లగా చేసెయ్యండి," అన్నాడు.

కుడివైపు కిటికీల పట్టీలు ఉస్తాదు తీసుకున్నారు, ఎడమవైపు నేను. పని అయిపోవచ్చిందనగా ఆయన సాయంత్రపు అసర్ నమాజుకు మసీదుకు వెళ్ళారు. ఆయన చేసిన వైపు వెళ్ళి చూస్తే ముందు తలుపు పట్టీ మీద రెండు బుడగలు. ఒళ్ళు మండింది. ఆ ముక్క పీకేసి కొత్తది అంటించాను. దారం టేపు లోపల గదిలో ఉంది, పది అడుగుల దూరం. ఆ పది అడుగులు వెయ్యడానికి బద్ధకించి బ్లేడు తీశాను. మూల దగ్గర కిర్రుమంది. చూస్తే తలుపు మీద వేలెడు గీత.

ఫిల్మును కాస్త కిందికి లాగి గీతను కప్పేశాను. ఉస్తాదు తిరిగొచ్చి ఆ పట్టీ మీద వేలు రాసి చూశారు. "ఒరే వద్దాహ్, ఈ చెయ్యి ఇంకా పనికొస్తుందిరా," అని అది తన పనే అనుకుని మురిసిపోయారు. నేను అవునన్నాను.

పది రోజులకు జిర్యస్ మళ్ళీ వచ్చాడు. ఎండకు ఫిల్ము ముడుచుకుని గీత బయటపడింది. పెయింటు కింద తెల్లపూత కనిపిస్తోంది.

"కారు మీద బ్లేడు పెట్టం అని బోర్డు మీద రాసుకున్నారు కదా, ఇదేంటి మరి?" అన్నాడు.

పక్క షాపువాళ్ళు కూడా వచ్చి చేరారు. అందరి కళ్ళూ ఉస్తాదు చేతి మీదికే పోయాయి. ఆయన కూడా తన చేతినే చూసుకున్నారు.

"ఆ తలుపు నేనే చేశాను," అన్నారు. "మూల తుంచడానికి బ్లేడు తీశానేమో, గుర్తు లేదు నాయనా. పెయింటు మేమే వేయించి ఇస్తాం. నన్ను క్షమించు."

నేను అక్కడే ఉన్నాను, తేలు కుట్టిన దొంగలా. "నేను" అని ఒక్క మాట అంటే చాలు. ఇరవై ఏళ్ళు అన్నం పెట్టిన మనిషి పరాయివాళ్ళ ముందు తల వంచుకుంటే నేను నా పేరు గురించి ఆలోచించాను. ఛీ, నాదీ ఒక బతుకేనా! మర్నాటి నుంచి ఆయన షాపుకు రాలేదు. ఇక నువ్వే చూసుకోమని కబురు పంపారు.

"పాపం ముసలాయన! నువ్వుండబట్టి షాపు నిలబడింది," అన్నాడు పక్క షాపువాడు, నేను మటన్ కొడుతున్నావా అని ఏడిపించినవాడే. ఆ రోజు అన్నం సయించలేదు. ఆ తర్వాత కూడా సయించలేదు. మూడు వారాలు కుక్కిన పేనులా పడి ఉండి, నాలుగో శుక్రవారం ఉస్తాదు ఇంటికి వెళ్ళాను.

ఆయన భార్య ఉమ్మ్ ఘాలిబ్ టీ తెచ్చింది. కూర్చోకుండానే అంతా చెప్పేశాను. బుడగలు, బ్లేడు, కప్పేసిన గీత, ఒక్కటీ దాచలేదు.

ఉస్తాదు నవ్వారు. "అబద్ధమాడటం కూడా సరిగ్గా రాదురా నీకు."

"అబద్ధం కాదు ఉస్తాదూ. నేనే కోశాను."

"నువ్వా? బ్లేడుతోనా? ఎవరైనా వింటే నవ్విపోతారు." భార్య వైపు తిరిగారు. "విన్నావా? నా పరువు నిలబెట్టడానికి నేరం తన నెత్తిన వేసుకుంటున్నాడు."

ఆవిడ తలముసుగు అంచుతో కళ్ళు ఒత్తుకుంది. "కడుపున పుట్టినవాళ్ళు కూడా ఇట్లా చెయ్యరు నాయనా. దేవుడు నిన్ను చల్లగా చూడాలి."

"పిన్నీ, మీరైనా నమ్మండి. ఆయన నమాజుకు వెళ్ళినప్పుడు..."

"నువ్వే అయితే ఆ రోజే చెప్పేవాడివి," అన్నారు ఉస్తాదు. "అంతమందిలో నన్నట్లా నిలబెట్టి నోరు మూసుకుని చూస్తావా నువ్వు? నిన్ను పెంచింది నేను. నీ సంగతి నాకు తెలీదూ?"

నాకు తల కొట్టేసినట్టయింది. ఇక ఒకటే దారి మిగిలింది. దేవుడి మీద ఒట్టు వేద్దామని "వల్లాహి" అంటూ మొదలుపెట్టాను. ఆయన గబుక్కున లేచి వచ్చి అరచేత్తో నా నోరు మూసేశారు.

"వద్దు నాయనా," అన్నారు. "నా కోసం దొంగ ఒట్టు వెయ్యకు. పాపం తగులుతుంది."