తాళంచెవికి ఒక చాయ్

నిండు బస్సులో ఎవరు ఏ స్టేజీలో దిగాలో అందరికీ గుర్తుచేసే మనిషికి, తన ఒళ్లు మాత్రం ఎక్కడ ఆపమంటుందో తెలియదు. రెండేళ్లుగా జ్యోతిరాణిది ఇదే బాధ.

పొద్దున అయిదింటికి జమ్మికుంటలో టికెట్ల సంచి భుజాన వేసుకున్నాక ఆమె మంచినీళ్లు ముట్టదు. తాగితే పోవాలి, పోవాలంటే బస్సు ఆగాలి. తాగకపోయినా అరగంటకోసారి పొత్తికడుపు గుంజుతుంది. గుంజిందంటే ఇక ఆగేది ఉండదు. పోయిన వారం పత్తిచేల పక్కన బస్సు ఆపించి పరుగెత్తింది. కిటికీల నిండా తలకాయలే. మరునాడే డిపోకు ఫిర్యాదు వెళ్లింది. మేనేజరు తెల్లకాగితం ఒకటి ఆమె ముందు పెట్టాడు.

"చేతగాకుంటె అన్‌ఫిట్ అని రాసియ్యమ్మా. నెలాఖరు దాకా చూస్త."

భర్త గోపాల్ పోయాక ఆయన బదులు వచ్చిన ఉద్యోగం అది. భుజానున్న సంచి కూడా ఆయనదే. రాసిస్తే ఇద్దరు ఆడపిల్లల చదువు ఏమవ్వాలి? కాగితం మడిచి ఆ సంచిలోనే పెట్టుకుంది.

కరీంనగర్‌లో డాక్టర్ మమతారాణి అంతా విని, "చాయ్ ఎన్నిసార్లు తాగుతరు?" అని అడిగింది.

"ఇంట్ల ఒక్కటే మేడమ్."

"మూడు రోజులు ఏం తాగినా, ఎన్నిసార్లు పోయినా టైముతో సహా రాసుకరాండ్రి."

స్టేజీ స్టేజీకి లెక్క రాయడం కండక్టరుకు చెప్పాలా? మూడో రోజు తన రాత తానే చూసుకుని ఆమె బిత్తరపోయింది. రోజూ ఇంట్లో ఒక చాయ్, సత్తవ్వ హోటల్లో ఎనిమిది. ఆమె అబద్ధం చెప్పలేదు. ఆ ఎనిమిదింటినీ ఏనాడూ చాయ్ అనుకోలేదు, అంతే.

కరీంనగర్ దారిలో సగం దూరంలో ఉంటుంది సత్తవ్వ హోటల్. వెనక బాత్‌రూమ్, దాని తాళంచెవి పొయ్యి పక్కన మేకుకు. రోజుకు నాలుగు ట్రిప్పులు, పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి. బస్సువాళ్ల దగ్గర సత్తవ్వ పైసలు తీసుకోదు. మనిషి బాత్‌రూమ్ వాడుకుని, ఆమె పోసిన చాయ్ వద్దని పోతే ఏం మర్యాద? మొహమాటం కొంప ముంచుతుందంటారు. ఇక్కడ బస్సునే ముంచేట్టుంది.

డాక్టరు ఆ లెక్క చదివి నవ్వలేదు. "నీళ్లు బంద్ చేస్తె మూత్రం చిక్కగై ఇంక గుంజుతది. పైనుంచి చాయ్ ఎగదోస్తది. నీళ్లు కొంచెం కొంచెం తాగుండ్రి. చాయ్ ఒక్కొక్కటి తగ్గించుండ్రి, ఒక్కపారే బంద్ చేస్తె తలనొప్పి లేస్తది. గిది చేసినంక మందుల సంగతి చూద్దాం."

చెప్పడం సులువే. చాయ్ వద్దంటే తాళం ఏ మొహంతో అడగాలి? మరునాడు, "సత్తవ్వ కాడ ఆపకు పరశురాములన్నా" అని డ్రైవరుకు చెప్పింది. రెండు ట్రిప్పులు పళ్లు బిగబట్టి నెట్టుకొచ్చింది. మూడో ట్రిప్పులో కరీంనగర్ బస్టాండు ఇంకా రాకముందే చీర తడిసింది. ఖాకీ చొక్కా కిందికి లాక్కుని, సంచి అడ్డం పెట్టుకుని నిలబడింది. ఏడవడానికి కూడా ఓపిక లేదు.

ఆ తిరుగు ట్రిప్పులో తానే బస్సు ఆపించి దిగింది. సత్తవ్వ అప్పటికే గ్లాసు నింపి పట్టుకుని ఉంది.

"పొద్దుగాల నుంచి ఆగకుండ పోతున్నరు. నా మీద కోపమా బిడ్డా?"

"కోపం కాదవ్వా. చాయ్ వద్దు, తాళం గావాలె." నేల చూస్తూ మొత్తం చెప్పేసింది, మేనేజరు ఇచ్చిన కాగితం సంగతి, చీర సంగతి కూడా.

సత్తవ్వ గ్లాసు కింద పెట్టింది. "నా చాయంటె నీకు పాణమనుకున్న. గందుకే నీ ఒక్కదానికే చాయ్‌పత్తి రెండింతలేసి మరగవెట్టి పోస్తున్న, నాలుగేండ్ల సంది. తాళానికి, చాయ్‌కి ఏం సంబంధం? అడిగితె ఇయ్యనా?"

నాలుగేళ్లు. ఒకామె ప్రేమతో పోసింది, ఒకామె మర్యాదకు తాగింది. ఎవరిని తిట్టుకోవాలో జ్యోతిరాణికి తెలియలేదు. తప్పు ఒకరిదైతే కనీసం కోపమన్నా వచ్చేది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

సత్తవ్వ మేకు మీది తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టింది. "నీ దగ్గరనే ఉంచుకో. నాకు ఇంకోటున్నది. ఇగ అడుగకు, దిగినప్పుడల్లా పోయి రా."

బాత్‌రూమ్‌కు పోయి వచ్చి, తాళంచెవిని గోపాల్ సంచిలో వేసుకుంది. లోపల ఆ తెల్లకాగితం వేళ్లకు తగిలింది. ఇంకా ఏమీ రాయలేదు దాని మీద.

"అవ్వా, ఒక గిలాసల మంచినీళ్లియ్యి."

డ్యూటీలో నీళ్లు తాగి ఎన్నాళ్లయిందో. పరశురాములు హారన్ కొట్టాడు. ఆమె తొందరపడకుండా గ్లాసు ఖాళీ చేసి, మూతి తుడుచుకుని బస్సెక్కింది.