ఆరో గొంతు

పొద్దున ల్యాబు తలుపు తీయగానే రెబెకా మొదట చేసే పని, గాజు సీసాలను ఊపే షేకర్ ఆపి వాటికి చెవి పెట్టడం. బ్యాక్టీరియా పాడుతుందన్నది నిజామాబాద్‌లోని ఆ కాలేజీలో ఎవరికీ వింత కాదు. బోధన్ చెరకు పొలాల మట్టిలోంచి ఐదు రకాలను విడదీసి, ఒక్కోదాని గొంతు గుర్తుపట్టి, ఐదింటితో ఒకే సీసాలో కాపురం పెట్టించింది రెబెకా. తరాలు గడిచేకొద్దీ ఎవరు ఎవరిని తరిమేస్తారు, ఎవరు ఎవరితో సర్దుకుపోతారు అన్నదే ఆమె పరిశోధన.

ఆ వారం ఆరో గొంతు వినబడింది.

బయటిది ఒక్కటి దూరినా ఇన్నాళ్ల పని మట్టిపాలే. రెబెకా అనుమానం సీసాలు కడిగే ఇస్మత్ మీద పడింది. ఇస్మత్ టిఫిన్‌లో రోజూ పెరుగుంటుంది. పెరుగంటే బ్యాక్టీరియానే కదా! పైగా ఈమధ్య నవ్వుతూ పలకరిస్తోంది. ఏ తప్పూ చేయనివాళ్లకు అంత నవ్వెందుకు? రెబెకా సీసాలు తానే కడుక్కుంది, తాళం మార్చింది. అయినా ఆరోది పోలేదు. అనుమానం తగ్గాల్సింది పోయి ఇంకా ముదిరింది: మారు తాళంచెవి చేయించి ఉంటుంది!

"నా మీద షక్ ఉంటే ముంగటనే అడుగుండ్రి, మేడం," అంది ఇస్మత్.

"అడిగితే నిజం జెప్తవా?"

"గీ నౌకరి పోతే మా ఇల్లెట్ల నడుస్తది? నేనెందుకు జేస్త?"

రెబెకా నమ్మలేదు. విభాగం పెద్ద పుష్పలతకు చెప్పేసింది.

పుష్పలత వచ్చి, ఇస్మత్ ఎదుటే షేకర్ ఆపించింది. ఐదు గొంతుల పైన, ఇన్నాళ్లూ ఉత్త గొణుగుడుగా ఉన్న ఆరోది తీరిగ్గా ఒక పాట ఎత్తుకుంది. ఆదివారం చర్చిలో పాడే పాట. చరణం చివర పైకి పోవాల్సిన చోట కిందికి జారింది. చర్చి పాటల బృందంలో అక్కడ జారేది రెబెకా ఒక్కతే.

బయటి క్రిములు పడకుండా మంట దగ్గర సీసా మూత తీసినప్పుడల్లా చేయి వణకకుండా ఆ పాటే పాడుకునేది, మాస్కు గడ్డం కిందికి లాగి మరీ. తన నోట్లోని బ్యాక్టీరియానే సీసాలో పడింది.

"పాటేమో బాగుంది గాని, బయటిది దూరింది నిజమే," అని పుష్పలత ఇస్మత్ వైపు తిరిగింది. "రేపటినుంచి నువ్వు పనికి..."

నోరు మూసుకుంటే గండం గడిచేది. రెబెకా ముందుకొచ్చి ఇస్మత్ పక్కన నిలబడింది.

"అది నాదే మేడం. నా నోటినుంచే పడ్డది. ఇస్మత్ అక్క ఏం జెయ్యలే."

ఇస్మత్ ఉద్యోగం నిలిచింది. రెబెకా సీసాలన్నీ పారబోసి మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. కొత్త సీసాల బుట్ట తెచ్చి ఇస్మత్‌కు అందించబోయింది.

"అక్కా, ఇగ నువ్వే కడుగు."

ఇస్మత్ చేయి చాపలేదు.

"నన్ను పక్క ల్యాబుల వెయ్యమని పెద్ద మేడంను అడిగిన. గీసారి సీసా మీ పాట పాడింది గాబట్టి బతికిన. పాడకుంటే?"