జానెడు తక్కువ

"ఇంజిన్ సంగతి నేను చూసుకున్నాను. ఇంక మిగిలింది పరుపులేగా, అది నీ చేతిలో పని," అన్నాడు గ్రాన్‌విల్ శనివారం పొద్దున కాఫీ కప్పు సింకులో పెడుతూ. పెట్టాడంతే, కడగలేదు. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు. "కొలత మాత్రం జాగ్రత్త. అమ్మలాగా చెయ్యకు," అని నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

కప్పు కడిగి బోర్లించి, చేతులు తుడుచుకుని, డెలీన్ గరాజు తలుపు తీసింది. లోపల కాంబీ వ్యాను. వెనక మంచం, పక్కన చిన్న బీరువా, మడిచే బల్ల ఉన్న పాతకాలపు బండి. గ్రాన్‌విల్ తండ్రి ఐజాక్ స్కూల్లో పెద్దమాస్టారుగా ఉన్నప్పుడు కొన్నాడు. ఆ రోజుల్లో మంచి తీరాలన్నీ తెల్లవాళ్లకే. మనవాళ్లను రానిచ్చే సముద్రతీరాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని, అవీ రాళ్ల తీరాలే. అక్కడ హోటళ్లుండవు గనక పడుకునే చోటు వెంట తీసుకెళ్లాలి. ఆయన పోయాక బండి దుప్పటి కప్పుకుని ఉండిపోయింది. ఈ చలికాలం గ్రాన్‌విల్‌కి ఉన్నట్టుండి దాని మీద ప్రేమ పుట్టి, స్నేహితులిద్దరిని పోగేసి ఆదివారం ఆదివారం ఇంజిన్ విప్పాడు. ఆ ఆదివారాలన్నీ డెలీన్ వాళ్లకి మాంసం కూర వండి పెట్టింది, గ్రీజు మరకల తువ్వాళ్లు ఉతికింది. ఇంజిన్ అందుకున్న రోజున వీధి వీధంతా వచ్చి చప్పట్లు కొట్టింది. కూర గురించి ఎవరూ ఏమీ అనలేదు. అనాలని ఆమె కూడా అనుకోలేదు, ఆ శనివారం వరకూ.

డిసెంబరులో, ఎండాకాలం సెలవులకి, క్లెయిన్‌మాండ్ తీరానికి ప్రయాణం. అత్తగారు హెస్టర్‌ని మాత్రం దారిలో వూస్టర్‌లో కూతురింట్లో దింపుతారు. ఎనభైకి దగ్గరపడిన మనిషికి సముద్రం గాలి, బండి కుదుపులు ఎందుకని గ్రాన్‌విల్ తేల్చేశాడు. ఆవిడను అడిగినట్టు డెలీన్‌కి గుర్తులేదు.

నీ చేతిలో పని. ఆ మాట తను పనిచేసే పార్ల్ ఊరి లైబ్రరీలో కూడా వింటూనే ఉంటుంది. కొత్తగా వచ్చిన పై అధికారి ఆమెకన్నా చిన్నవాడు. ఎవరి వీడ్కోలు సభ అయినా కేకు కోయడానికి ఆమెనే పిలుస్తాడు, నీ చేతికి లెక్క బాగా తెలుసు డెలీన్ అంటాడు. కోసి అందరికీ పంచేసరికి ఉపన్యాసాలు అయిపోతాయి. వార్షిక నివేదిక లెక్కలు కూడా ఆమె చేతివే, కానీ అక్కడ మాత్రం చేతికి పేరుండదు. ఏ పనిని పొగిడితే ఆ పని ఇక ఎప్పటికీ మన నెత్తినే ఉంటుందని ఆమెకి చాలా ఆలస్యంగా తెలిసింది. పరుపు తొడుగుల జిప్పు తుప్పు పట్టి కదలకపోతే కత్తెరతో కోస్తూ, ఇదంతా ఎవరితోనో చెబుతున్నట్టు మనసులో చెప్పుకుంటోంది.

తొడుగు ఊడగానే పాత ఫోము పైపొర పొడిపొడిగా రాలింది. పసుపుపచ్చ దుమ్ము మోచేతుల దాకా అంటుకుంది. మంచం మూడు ముక్కల పరుపు: కూర్చునేది ఒకటి, వీపు ఆనించేది ఒకటి, వెనక ఇంజిన్ మీద పరిచేది ఒకటి. మూడింటినీ మంచం చెక్క బల్ల మీద వరసగా పేర్చి, కొలుద్దామని టేపు తీసి, ఆగిపోయింది.

పరుపు మధ్యలో ఒక్కటే గుంట ఉంది. భుజాల దగ్గర వెడల్పుగా, నడుము దగ్గర లోతుగా, మనిషి పడుకుని ఇప్పుడే లేచినట్టు. రెండో గుంట లేదు. ఇద్దరి పరుపు మీద ఒక్కరి గుంటే. పైగా బీరువా వైపు మూడు ముక్కలూ ఒకే తీరున జానెడు తక్కువున్నాయి. బల్ల అక్కడ బోసిగా కనిపిస్తోంది.

ఆ జానెడు కథ ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. పండగ భోజనాల దగ్గర మామగారు చెప్పని ఏడాది లేదు. "మా ఆవిడ ఊళ్లో సగం మంది పెళ్లికూతుళ్లకి గౌన్లు కుట్టింది, మా బండికి పరుపు కొయ్యమంటే మాత్రం టేపు చదవలేకపోయింది. ఇద్దరం పట్టం, అందుకే శిక్ష వేశాను. పొరపాటు చేసినవాళ్లే ముందు సీట్లో పడుకోవాలి." అందరూ నవ్వేవాళ్లు. హెస్టర్ కూడా నవ్వుతూ బంగాళాదుంపల గిన్నె అందించేది. కొత్త కోడలిగా డెలీన్ కూడా నవ్వింది.

డెలీన్ మూడు ముక్కలనీ తిప్పి చూసింది. కోత గీత గీసినట్టుంది, ఎక్కడా వంకర లేదు. పొరపాటున కోసిన ముక్క ఒకటి ఉంటుంది. మూడూ ఒకే లెక్కన ఎలా తగ్గుతాయి? తన పెళ్లి గౌను కుట్టినప్పుడు హెస్టర్ అసలు టేపు ముట్టుకోలేదు. గేటు దగ్గర నిలబెట్టి ఒకసారి చూసి, వెళ్లి గుడ్డ కోసింది. అది ఒంటికి అచ్చుపోసినట్టు సరిపోయింది.

టీ కప్పు పట్టుకుని హెస్టర్ మెల్లగా గరాజులోకి వచ్చేసరికి కోడలు పరుపు ముక్కను ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది.

"అత్తయ్యా, ఒక మాట అడగనా?"

"అడుగు. టీ తాగుతూ అడుగు, చల్లారిపోతుంది."

"ఇది నిజంగా పొరపాటేనా?"

హెస్టర్ ఆ పరుపు అంచు మీద వేలితో ఒకసారి రాసి చూసింది. బోర్లించిన సీసాల పెట్టె మీద కూర్చుంది. "ఇన్నేళ్లలో అందరూ నవ్వారు గానీ ఎవరూ అడగలేదమ్మాయ్," అంది.

డెలీన్ టీ గుక్క గుక్కగా తాగుతూ కూర్చుంది. మాట్లాడితే ఆవిడ ఆగిపోతుందేమోనని.

"మా ఇల్లు ఎంతుండేదో నువ్వు చూడలేదు. నాలుగు గదులు, పిల్లలు, మా అత్తగారు, ఆవిడ చెల్లెలు. పడుకుంటే ఒక పక్క పాలు తాగే పిల్ల, ఇంకో పక్క మీ మామగారు. సెలవుల్లో బండెక్కితే అయినా ఊపిరాడుతుందనుకున్నా. అక్కడా అంతే. అర్ధరాత్రి లేపి టీ అనేవాడు. తలుపు వేశావా అనేవాడు. ఇంకొకటీ అడిగేవాడు, నాకు మనసుందా లేదా అని చూడకుండా. చెడ్డవాడు కాదు. అడిగితే ఇవ్వాలి అనుకునేవాడు, అంతే."

"మరి?"

"ఒకసారి తీరంలో వాన. పిల్లలకి జలుబు, వాళ్లని తెచ్చి ఆయన పక్కన పడుకోబెట్టి నేను ముందు సీట్లోకి పోయా. కిటికీ వేలెడు దించి పెట్టుకున్నా. సముద్రం చప్పుడు. నా మీద ఎవరి చెయ్యీ లేదు, ఎవరి కాలూ లేదు. నిద్ర పోలేదు, తెలుసా? నిద్రలో పోగొట్టుకోవడం ఇష్టం లేక మేలుకునే ఉన్నా. తర్వాత పాత పరుపులు చిరిగితే ఫోము తెచ్చి కొయ్యమన్నాడు. కోశా." హెస్టర్ జాన చాపి చూపించింది. "ఆయన సంగతి నాకు తెలుసు. కోసేశాక ఇంకో ఫోము కొనడు, నాకు శిక్ష వేస్తాడు. వేశాడు."

డెలీన్‌కి నవ్వొచ్చింది. ఇద్దరూ నవ్వారు. ముందుగా ఆగింది హెస్టర్.

"అది అంత చవగ్గా రాలేదులే. తర్వాత పెద్ద వీధిలో కుట్టు దుకాణం పెడదామనుకున్నా. జానెడు కొలవలేనిదానికి దుకాణమా అన్నాడు మీ మామగారు. అందరూ నవ్వారు, నా పిల్లలతో సహా. నేనేం చెప్పను? కొలవడం వచ్చంటే పరుపు సంగతి చెప్పాలి. నోరు మూసుకున్నా." ఖాళీ కప్పు తీసుకుని లేచింది. "నువ్వు మాత్రం ఎలా కోస్తావో నీ ఇష్టం."

ఆవిడ వెళ్లాక డెలీన్ చాలాసేపు ఫోము ముట్టుకోలేదు. తను ఒక్కతే ఎప్పుడు పడుకుంది? చిన్నప్పుడు అక్కచెల్లెళ్లతో ఒకే మంచం. పెళ్లయ్యాక గ్రాన్‌విల్. కాన్పులకి ఆసుపత్రిలో వరస మంచాలు. గ్రాన్‌విల్ ఊరెళ్లిన రాత్రుల్లో పిల్లలు వచ్చి దూరేవాళ్లు. వెతికింది, వెతికింది, ఒక్క రాత్రి కూడా దొరకలేదు. దిగులుగా అనిపించలేదు, వింతగా అనిపించింది. సొంత ఊళ్లోనే ఎప్పుడూ తిరగని వీధి ఒకటి ఉందని తెలిసినట్టు. ఆ వీధిలో ఏముంటుంది? అక్కడ తను ఎటు తిరిగి పడుకుంటుంది? ఏం ఆలోచిస్తుంది? భయపడుతుందా, విసుగు పుడుతుందా? ఏమో.

చెప్పులు విడిచి ముందు పొడుగు సీటెక్కి అడ్డంగా పడుకుంది. కాళ్లు తలుపుకి తగిలాయి. మెడ కింద సీటు కుట్టు ఒత్తుకుంది. సుఖంగా ఏమీ లేదు. అయినా లేవబుద్ధి కాలేదు. వంటింట్లో బంగాళాదుంపలు అలాగే ఉన్నాయని గుర్తొచ్చింది, గుర్తొచ్చినా పడుకునే ఉంది.

తర్వాత లేచి బల్లను కొలిచింది. కొత్త ఫోము దిమ్మ మీద పెన్నుతో గీతలు గీసి, తొడుగు బిగువుగా ఉండటానికి వేలెడు ఎక్కువే ఉంచి, రొట్టె కోసే రంపపు కత్తితో కోసింది. బీరువా వైపు గీత దగ్గరకొచ్చినప్పుడు చెయ్యి ఒక క్షణం ఆగింది. జానెడు లోపలికి జరిపితే చాలు, ఇంకేం చెప్పక్కర్లేదు. కత్తిని గీత మీదే నడిపించింది.

సాయంత్రం గ్రాన్‌విల్ వచ్చేసరికి మూడు ముక్కలూ బల్ల మీద అంచు నుంచి అంచుకి సరిపోయి ఉన్నాయి. అతను బూట్లు విడిచి ఎక్కి పడుకున్నాడు, అటూ ఇటూ దొర్లాడు. "అబ్బ, ఇద్దరికీ కావలసినంత చోటు," అన్నాడు. "చూశావా అమ్మా? కొలత అంటే ఇదీ."

గుమ్మంలో కుర్చీ వేసుకుని బఠానీలు ఒలుస్తున్న హెస్టర్ తలెత్తలేదు.

"చోటుంది," అంది డెలీన్. "కానీ నేను అక్కడ పడుకోను. ముందు సీట్లో పడుకుంటా."

"ఎందుకు? నేనేం చేశాను?"

"నువ్వేం చెయ్యలేదు. ఒక్కదాన్నే పడుకుంటే ఎలా ఉంటుందో నాకు తెలియదు. తెలుసుకోవాలనుంది."

గ్రాన్‌విల్ లేచి కూర్చున్నాడు. భార్య కోపంగా ఉందేమోనని ముఖం వెతికాడు. కోపం కనిపించలేదు, దానితో ఇంకా అయోమయంలో పడ్డాడు. "అత్తాకోడళ్లు పొద్దున్నుంచీ ఏం మాట్లాడుకున్నారు?" అన్నాడు.

"ముందు సీటు ఖాళీ లేదమ్మాయ్," అంది హెస్టర్ బఠానీల గిన్నె కింద పెడుతూ. "అది నాది. నేనూ వస్తున్నా. వూస్టర్‌లో నన్ను దింపాల్సిన పనిలేదు."

"అమ్మా, ఆ సీటు మీద నీ నడుం..."

"నా నడుం సంగతి ఆ సీటుకి తెలుసురా. ఆ పాత పరుపుని నేను తప్పు కొలవలేదు. కావాలనే కోశా. మీ నాన్న పక్కన పడుకోవడం ఇష్టం లేక కోశా. దారిలో తీరిగ్గా చెప్తాలే."

డెలీన్ అత్తగారి వైపు చూసింది. ఆవిడ ఒళ్లో పడ్డ తొక్కలు దులుపుకుంటోంది.

"సరే అత్తయ్యా," అంది డెలీన్. "ముందు సీటు మీది. అయితే ఈ పరుపు నాది."

గ్రాన్‌విల్ తన కింద ఉన్న కొత్త ఫోముని అరచేత్తో నొక్కి చూశాడు. తల్లిని చూశాడు, భార్యను చూశాడు.

"మరి నేనెక్కడ పడుకోవాలి?" అన్నాడు.

ఆ ఇంట్లో ఒక మగవాడు ఆ ప్రశ్న అడగడం అదే మొదటిసారి.