లోపలి గడియ

"ఇంకా వాసన వస్తూనే ఉంది," అన్నాడు ఛాంపియన్, ట్రైలర్ తలుపు దగ్గరే నిలబడి. లోపలికి అడుగైనా పెట్టకుండా వాసన ఎలా తెలిసిందని ఆమె అడగలేదు. బకెట్ ఎత్తుకొచ్చి, మూడోసారి నేల కడగడానికి మోకాళ్ళ మీద కూర్చుంది.

ఛాంపియన్ అంటే ఆమె భర్త. రోడ్డు అన్నది లేని చోట, రాళ్ళలో ఇసుకలో బండి తోలే పందేలు అతని పిచ్చి. ఒకసారి మూడో స్థానం వచ్చింది. ఆ రోజు ఎనిమిది బండ్లు బయల్దేరితే ఐదు మధ్యలోనే చతికిలబడ్డాయన్న సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు. కప్పు వచ్చింది, దానితోపాటు పేరూ వచ్చింది. వీధిలో వాళ్ళు ఛాంపియన్ అంటారు, తమ్ముడు ఛాంపియన్ అంటాడు, ఒక్కోసారి కన్నతల్లి కూడా అలాగే పిలుస్తుంది. తొమ్మిదేళ్ళుగా అదే మాట వింటూ ఉండేసరికి ఆమెకూ మనసులో అదే పేరు స్థిరపడిపోయింది.

ఈ ట్రైలర్ పదకొండేళ్ళు చేపలు మోసింది. ముందు ఇంజన్ లారీ తగిలిస్తే కదిలేది, విప్పేస్తే రెండు ఇనప కాళ్ళ మీద నిలబడేది. ఈ చివరి నుంచి ఆ చివరికి ఇరవై అంగలు. దాన్ని రేసులకు వెళ్ళే ఇల్లుగా మార్చాలని ఛాంపియన్ పథకం. వెనక సగంలో రేసు బండి నిలుస్తుంది. దానికి అటూ ఇటూ పనిముట్లకీ విడిభాగాలకీ ఇనప అల్మరాలు. మధ్యలో ఛాంపియన్‌కీ, అతని తమ్ముడికీ, వెల్డరుకీ, లారీ తోలే డ్రైవరుకీ నాలుగు మంచాలు, ఒకదాని మీద ఒకటి. ఆ తరువాత పొయ్యి. అన్నిటికంటే ముందు, ట్రైలర్ ముక్కు దగ్గర, ఆమె గది.

గదంటే పెద్ద గదేం కాదు. చేతులు రెండూ చాపితే రెండు గోడలూ తగులుతాయి. ఒక చెక్క బల్ల, దాని మీద పరుపు, మూలన మూతపెట్టే ప్లాస్టిక్ టాయిలెట్. ఒక తలుపు. ఆ తలుపుకి లోపలి వైపు గడియ.

ఆ గడియ కోసమే ఆమె చేపల కంపు మూడుసార్లు కడిగింది. తొమ్మిదేళ్ళలో ఎన్ని రేసులకు వెళ్ళిందో లెక్కలేదు. వెళ్ళిన ప్రతిచోటా నాలుగు రోజులు, నలుగురు మగవాళ్ళు, ఒక డేరా, ఒక పొయ్యి. డేరాలో వాళ్ళు పడుకుంటారు. ఆమె పికప్ ముందు సీట్లో, మోకాళ్ళు స్టీరింగుకి ఆనించి పడుకుంటుంది. బట్టలు మార్చుకోవాలంటే సీట్లోనే కుదించుకుని, దుప్పటి మెడదాకా లాక్కుని, లోపలే నానా తిప్పలు పడాలి. మిగతా అవసరానికి చీకటి పడాలి. చీకటి పడ్డాక పొదల వెనక్కి వెళ్తే ఎవరి టార్చి ఎటు తిరుగుతుందోనని భయం. అందుకని మధ్యాహ్నం దాటాక నీళ్ళు తాగడం మానేసేది. ఎండలో నిలబడి ఐదుగురికి వండుతూ, నాలుక పిడచకట్టుకుపోతున్నా గొంతు తడుపుకునేది కాదు. మూత్రంలో మంట మొదలై డాక్టరమ్మ దగ్గరికి వెళ్తే, "నీళ్ళు తాగడానికి కూడా తీరిక లేదా?" అని ఆవిడ కసురుకుంది. ఆమె నవ్వి ఊరుకుంది. ఏమని చెప్పాలి? అత్తగారికి చెప్తే, "నాలుగు రోజులు ఓర్చుకోలేవా తల్లీ, మగవాళ్ళ సరదా," అంది. ఆవిడ కూడా తన కాలంలో ఎన్ని ఓర్చుకుందో, ఆ మాట అంత తేలిగ్గా వచ్చింది.

ట్రైలర్ వెల్డరు యార్డుకి వచ్చిన రోజున ఛాంపియన్ ఇంట్లో చిటికెలు వేస్తూ తిరిగాడు. "పరుపులన్నీ నువ్వే కుట్టాలి. తెరలు, టైర్ల కవర్లు, పైన పట్టా. మనింట్లోనే మనిషి ఉండగా బయటివాళ్ళెందుకు?" అన్నాడు.

ఆమె పని అదే. లారీ పట్టాలూ సీటు కవర్లూ కుట్టే షాపులో కొలతలు తీసి గుడ్డ కత్తిరించేది ఆమే. కత్తెర ఆమె చేతిలో ఉన్నా, మెడలో టేపు వేలాడుతున్నా, వచ్చినవాళ్ళు ఆమెను దాటి లోపలికి తొంగిచూసి, "మేస్త్రీ లేడా?" అంటారు. నేనే అంటే, "మగ మేస్త్రీ ఉంటే పిలువమ్మా, పెద్ద బండి," అంటారు. షాపు యజమాని పక్కనే ఉంటాడు, నవ్వుతాడు. ఆ పెద్ద బండికి పట్టా కత్తిరించేది ఆమే. ముడత లేకుండా కూర్చున్నాక మెచ్చుకోలు మాత్రం యజమానికి.

"కుడతాను," అంది ఆమె ఆ రోజు. "నాకు మాత్రం ఒక తలుపు కావాలి."

"తలుపే కదా, రెండు పెట్టిస్తా," అని నవ్వి, అప్పటికప్పుడే సుద్దముక్కతో నేల మీద ఆ గదికి గీత గీశాడు.

మర్నాడు షాపు నుంచి వస్తూ ఆమె ఇనప సామాన్ల కొట్లో ఇత్తడి గడియ కొంది. "ఏ తలుపుకమ్మా?" అని కొట్టతను అడిగితే, "నా గదికి," అంది. పెళ్ళయి పదిహేనేళ్ళు. ఆ రెండు మాటలూ పక్కపక్కన పెట్టి అనడం అదే మొదటిసారి. దారంతా తనకు తానే సిగ్గుపడింది.

ఆ తరువాత రెండు నెలలు నడుం వాల్చింది లేదు. పొద్దున వంట, పగలు షాపు, సాయంత్రం మళ్ళీ వంట, తరువాత మిషను. ఆదివారాలు యార్డులో. నలుగురికీ నాలుగు పరుపులు కుట్టాక, మిగిలిన గుడ్డముక్కలు అతికించి తనదీ కుట్టుకుంది. వెల్డరు ఆమె గదికి ప్లైవుడ్ గోడ బిగించి, తలుపు పెట్టి, గడియ బిగించిన రోజు, ఎవరూ చూడకుండా లోపలికి వెళ్ళి గడియ వేసుకుంది. కాసేపు అలాగే నిలబడింది. బయట సుత్తి చప్పుళ్ళు, మరిది అరుపులు. అవేవీ తనవి కావన్నట్టు దూరంగా వినిపించాయి.

అల్మరాలు చేయించడానికి ముందు అన్నదమ్ములిద్దరూ రేసు బండి వెడల్పు కొలిచారు. బండి అప్పుడు మరమ్మతులో ఉండి స్టాండ్ల మీద ఉంది. చక్రాలు గాల్లో వేలాడుతున్నాయి. భోజనాల దగ్గర కొలత చెప్పుకుంటుంటే ఆమె చెవిన పడింది. వడ్డించడం ఆపింది.

"ఏవండీ, స్టాండ్ల మీద ఉండగానే కొలిచారా?"

"అయితే?"

"వేలాడుతున్నప్పుడు చక్రాలు లోపలికి ముడుచుకుంటాయి కదా. కిందికి దించితే బరువుకి పక్కలకు జరుగుతాయి. బండికి కవరు కుట్టేటప్పుడు నేను కొలిచాను. అటు నాలుగు వేళ్ళు, ఇటు నాలుగు వేళ్ళు ఎక్కువొస్తుంది."

మరిది పొలమారేంతగా నవ్వాడు. "వదినా, గుడ్డయితే లాగితే సాగుతుంది. ఇనుము సాగదు."

"గుడ్డ కొలత వేరు, ఇనుము కొలత వేరు," అన్నాడు ఛాంపియన్. "నువ్వు పరుపుల సంగతి చూడు."

"వాళ్ళేదో మాట్లాడుకుంటుంటే మధ్యలో నీకెందుకమ్మా," అంది అత్తగారు, కంచంలోంచి తలెత్తకుండానే.

నా కొలతల పుస్తకం తెచ్చి చూపిద్దామా అనుకుంది. కొలిచింది గుడ్డను కాదు, ఆ బండినే. కానీ చూపిస్తే దాని మీదా ఒక జోకు వస్తుంది, దానికీ నవ్వాలి. అంత ఓపిక లేదు. గిన్నెలు తీసింది, కడిగింది.

అల్మరాలు వచ్చాయి. బిగించారు, రంగు వేశారు. రేసు ఇంకా తొమ్మిది రోజులుందనగా, ఆదివారం ఉదయం, బండిని లోపలికి ఎక్కించారు. చక్రాలు ర్యాంపు ఎక్కాయి, తలుపు దాటాయి, మొదటి అల్మరా దగ్గర ఇనుము ఇనుముకి రాసుకుని పళ్ళు పులిసిపోయే చప్పుడు చేసి ఆగాయి. వెనక్కి లాగి, తిప్పి, మళ్ళీ తోశారు. మళ్ళీ అదే చప్పుడు. మరిది టేపు తీసి కొలిచాడు.

"అటు నాలుగు వేళ్ళు, ఇటు నాలుగు వేళ్ళు," అన్నాడు. "ఇలా అవుతుందని ఎవరు మాత్రం ఊహిస్తారు?"

ఎవరూ ఆమె వంక చూడలేదు. చెప్పాను కదా అని ఆమె కూడా అనలేదు. అనాలని నాలుక చివరి దాకా వచ్చింది, మింగేసింది. టీ తెచ్చి ఇస్తూ ఒక్క మాట మాత్రం చెప్పింది. "చక్రాలు నా నడుం ఎత్తే కదా. అల్మరాలను పైకి లేపి గోడకి బిగిస్తే, చక్రాలు వాటి కిందికి వెళ్తాయి."

వెల్డరు తల గోక్కున్నాడు. "అవుతుందమ్మా, అవకేం. కానీ మొత్తం విప్పి పైకి బిగించాలంటే పదిహేను రోజుల పని."

"అంత టైం లేదు," అన్నాడు ఛాంపియన్. చూపు మెల్లగా ట్రైలర్ ముందు వైపుకి వెళ్ళింది. ఆ చూపు ఎక్కడ ఆగిందో ఆమెకు అర్థమైంది. "అల్మరాలు ముందుకి మార్చేద్దాం. ఆ ప్లైవుడ్ తీసేస్తే పట్టేస్తాయి. పూట పని."

"అది నా గది," అంది ఆమె.

"ఈ ఒక్కసారికే. నీకు పికప్ ఉంది కదా. ఎలాగూ అలవాటే."

అలవాటు. తొమ్మిదేళ్ళు పళ్ళ బిగువున భరించినదానికి అతను పెట్టిన పేరు అది. చేసినన్నాళ్ళూ చేసినందుకే, ఇకపైనా చేయాలని రాసిపెట్టినట్టు. ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. ఒళ్ళంతా ఎవరో పిండేసినట్టు నీరసం వచ్చింది. కూర్చుంటే బాగుండుననిపించింది. కూర్చోబోతుంటే, "ఓసారి ఈ చెక్క పట్టుకో," అని పిలిచాడు ఛాంపియన్. వెల్డరు మరలు విప్పుతుంటే, తన గది గోడ కిందపడకుండా రెండు చేతులతో తనే పట్టుకుంది.

పని అయ్యాక వెల్డరు గడియా, దాని నాలుగు మరలూ తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. "ఇది మీదే కదమ్మా," అన్నాడు. కళ్ళలోకి చూడలేకపోయాడు.

ఆ ఎనిమిది రోజులూ ఆమె ఒక్క ప్రశ్న కోసం ఎదురుచూసింది. మరి నువ్వెక్కడ పడుకుంటావు అని. ఆ నలుగురిలో ఎవరైనా సరే, అత్తగారైనా సరే. ఎవరైనా అడిగి ఉంటే, సర్దుకుంటాలెండి అని తనే అని ఉండేదేమో కూడా. తన సంగతి తనకు తెలుసు. అడిగినవన్నీ వేరే. నా చేతితొడుగులు ఎక్కడ, టీ పొడి సరిపోతుందా, వదినా నా తలగడ కవరు మార్చావా. అన్నిటికీ జవాబు చెప్పింది. గిన్నెలూ సరుకులూ డబ్బాల్లో సర్ది, ఏది ఎందులో ఉందో ఒక్కో డబ్బా మీదా రాసింది.

విడిభాగాలు కూడా ట్రైలర్‌లోకి చేరాయి. ఇంటి వెనక గదిలో తొమ్మిదేళ్ళుగా పేరుకుపోయిన టైర్లు, స్ప్రింగులు, నూనె డబ్బాలు, విరిగిన హెల్మెట్లు రోజుకి కొన్ని చొప్పున మోసుకెళ్ళి కొత్త అల్మరాల్లో పేర్చారు. చివరి టైరు కూడా వెళ్ళిపోయిన సాయంత్రం ఆమె చీపురు పట్టుకుని ఆ గదిలోకి వెళ్ళి, ఊడవడం మర్చిపోయి నిలబడింది. గదికి కిటికీ ఉంది. ఇన్నేళ్ళూ టైర్ల వెనకాల ఉన్నట్టుంది, ఆమెకు గుర్తే లేదు. పక్కనే చిన్న బాత్రూం. చేతులు చాపి చూసింది. గోడలు తగల్లేదు.

బయల్దేరే రోజు ఉదయం లారీ వీధిలోకి వచ్చి హారన్ కొట్టింది. మూడుసార్లు కొట్టాక ఛాంపియన్ ఇంట్లోకి వచ్చాడు. వంటగదిలో చూశాడు, పెరట్లో చూశాడు. వెనక గది తలుపు తోశాడు. ఆ తలుపు ఎప్పుడూ తోస్తే తెరుచుకునేదే. తెరుచుకోలేదు.

"లోపల ఏం చేస్తున్నావు? ఆలస్యమవుతోంది."

"నేను రావడం లేదు," అంది ఆమె. గొంతు మామూలుగానే ఉంది. అతుకుల పరుపు మీద కూర్చుని ఉంది. పక్కన నీళ్ళ కూజా, గ్లాసు. స్క్రూడ్రైవరు ఇంకా ఒళ్ళోనే ఉంది.

"రావడం లేదంటే? మరి వంట ఎవరు చేస్తారు?"

"ఏ డబ్బాలో ఏముందో దాని మీదే రాశాను. నలుగురున్నారు కదా."

ఇప్పుడైనా ఆ ఒక్క ప్రశ్న అడుగుతాడేమోనని ఆమె మనసు, సిగ్గులేని మనసు, ఇంకా చెవి ఒగ్గింది. తలుపు మెల్లగా ఒకసారి కదిలింది. గడియ గట్టిగానే ఉంది.

"ఇక్కడ మకాం పెట్టావా ఏంటి?" అన్నాడు ఛాంపియన్. "తిరిగొచ్చాక ఆ సామానంతా ఎక్కడ పెట్టాలి?"

"ట్రైలర్‌లోనే ఉంచండి," అంది ఆమె. "నా గది తీసేసి మరీ చోటు చేశారుగా. పడుతుంది."

హారన్ మళ్ళీ మోగింది. చెప్పుల చప్పుడు వాకిలి దాకా వెళ్ళి, ఆగి, బయటికి వెళ్ళిపోయింది. లారీ కదిలింది. వీధి మలుపు తిరిగేదాకా చప్పుడు వింటూ ఆమె గ్లాసు నిండా నీళ్ళు తాగింది. తరువాత ఇంకో గ్లాసు పోసుకుని, అదీ తాగింది.